తప్పు చెప్పినోళ్ల ముఖం

విజేందర్‌ను పుష్ప మొట్టమొదట బొమ్మగానే చూసింది. పెళ్లిచూపులకు ముందు ఫొటో పంపమని మధ్యవర్తి అడిగితే, ఆ మహానుభావుడు తాను కంప్యూటర్‌లో చేసుకున్న కార్టూన్ బొమ్మ పంపాడు. నీలం కోటు, ఒక పక్కకు ఎగరేసిన దట్టమైన క్రాపు, కొలిచి కత్తిరించినట్టున్న గడ్డం. నొక్కితే కన్ను కూడా కొట్టేది. పుష్ప తల్లి గుర్వమ్మ ఫోన్‌ను ఒకసారి దూరంగా, ఒకసారి దగ్గరగా పట్టుకుని చూసి, "పిలగాడు గిట్ల మెరుస్తున్నడేందే? మైనం పూసుకున్నడా?" అంది.

ఆదివారం ఆలేరు నుంచి వచ్చిన మనిషికి నెత్తి ముందు భాగం ఖాళీ. ఎడమ చెవి మీది వెంట్రుకలు పెంచి, వాటిని తెచ్చి కుడివైపు పరుచుకున్నాడు. ఫ్యాన్ వేయగానే అవి లేచి నిలబడ్డాయి. పుష్ప చాయ్ గ్లాసులు అందించి లోపలికి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

అయినా ఒప్పుకుంది. దానికి కారణం ఉంది. పుష్ప నల్గొండలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ టీచర్. అంతకుముందు వచ్చిన సంబంధాల వాళ్లందరూ, ప్యాంటు వేసుకుని, మెడలో విజిల్ వేలాడదీసుకుని మగపిల్లలతో కబడ్డీ ఆడించే ఆ కొలువేంటి, మానేస్తుందా అని అడిగినవాళ్లే. విజేందర్ ఒక్కడే "నౌకరి ఆమె ఇష్టం" అన్నాడు. పుష్ప అది మంచితనం అనుకుంది. తన తెర బయట జరిగేదేదీ ఆ మనిషికి పట్టదని పెళ్లయి నల్గొండలోనే రామగిరిలో కిరాయి ఇంట్లో కాపురం పెట్టాక గానీ తెలియలేదు. భార్య విజిల్ ఊదినా ఒకటే, సన్నాయి ఊదినా ఒకటే.

ఊళ్లో కొత్తగా కట్టిన ఐటీ భవనంలో ఒక గదీ, అరడజను కుర్చీలూ ఉన్న కంపెనీలో అతని ఉద్యోగం. అందులో వాళ్లు తయారుచేసేది ఒక్కటే సరుకు. దాన్ని అవతార్ అనేవాళ్లు.

"అసలు నువ్వు జేసేదేంది? ఒక్కసారి నాకు తెలిసెటట్లు జెప్పు," అని పుష్ప ఒక సాయంత్రం అడిగింది.

విజేందర్ ఉత్సాహంగా కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "ఒక ముక్క అనుకో. ఎవలన్న వెబ్‌సైటు వెట్టుకుంటే గీ ముక్క తెచ్చి దాంట్ల అతికిస్తరు. ఆడికొచ్చినోళ్లు ఎవని బొమ్మ వాళ్లు చేసుకుంటరు. ముఖం, జుట్టు, మీసం, బట్టలు, అన్ని ఎవని ఇష్టం వాళ్లది."

"ఫొటో వెడితే అయిపాయె గద?"

"ఫొటో ఉన్నదున్నట్టు వస్తది పుష్పా. గిదైతే నచ్చినట్టు చేసుకోవచ్చు."

"ఉన్నదున్నట్టు వస్తె ఏమైతది?" అని పుష్ప అతని నెత్తి వైపు చూసింది. విజేందర్ చేయి దానంతట అదే వెంట్రుకలు సర్దుకుంది.

తెర మీద వరసగా చిన్న చిన్న రంగుల గళ్లు ఉన్నాయి. అవేంటని అడిగితే చర్మం రంగులన్నాడు. గోధుమ, తేనె, గంధం, బాదం.

"నా రంగేది మరి?"

పొద్దంతా గ్రౌండులో ఎండకు మాడిన ఆమె చేతినీ, తెరనూ మార్చి మార్చి చూశాడు. వరస చివరికి జరిపి, "ఇగో, కాఫీ," అన్నాడు.

"మందినందరిని గోధుమలు, బాదాములు జేసి, నన్ను తీస్కపోయి హోటల్ల వెట్టినవా?"

అతను నవ్వాడు. అది మెప్పనుకున్నాడో ఏమో. మొగుడి మీద ఆమె చులకనకు అదే పెద్ద అడ్డంకి. ఎంత విసిరినా తగిలేది కాదు. మనిషి ఒక్క మీసం వంపు కోసం వారమంతా కూర్చునేవాడు. ఇంట్లో గ్యాస్ అయిపోయిందని మాత్రం అన్నం ముందుకు రాని రోజున గానీ తెలిసేది కాదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు "మీ ఆయన సాఫ్ట్‌వేరట గద" అంటే, "ఆ, ముక్కులు గీకుతడు" అనేది పుష్ప.

ఆమె పుట్టిల్లు కట్టంగూర్ దగ్గరి పల్లె. తండ్రి పరశురాములు గొర్ల కాపరి. గొర్లకు బొచ్చు కత్తిరించే రోజుల్లో ఇద్దరూ ఊరికి పోయారు. విజేందర్ దొడ్డి పక్కన నులక మంచం మీద ట్యాబ్ పట్టుకుని కూర్చుని, ఊసుపోక మామ బొమ్మ గీస్తానన్నాడు. పరశురాములుకు ఎంత సంబరమో. లోపలికి పోయి కాళ్లూ ముఖమూ కడుక్కున్నాడు. పెట్టెలోంచి ఎర్ర రుమాలు తీసి నెత్తికి చుట్టుకున్నాడు. గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, ఫొటో దిగినట్టు ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు.

"నన్ను గీ పలక మీద వెట్టి ఏం జేస్తవు అల్లుడా?"

"దేశమంత చూస్తది మామా."

"గట్లనా? అయితే జర మంచిగ గియ్యి. గీ చెవు కనవడకుండ తిరగాల్నా?"

ఎడమ చెవి తమ్మె చీలి ఉండేది ఆయనకు. చిన్నప్పుడు తుమ్మకంపలో పోగు తట్టుకుని తెగింది. "అక్కర్లేదు మామా, గదే అసలు మజా," అన్నాడు విజేందర్. చీలిన చెవీ, ఒక పక్కకు వాలిన కనురెప్పా, నవ్వితే కనిపించే పంటి సందూ, అన్నీ దింపాడు. పుష్ప మొగుడి భుజం మీదుగా తొంగి చూసి ఆశ్చర్యపోయింది. అచ్చంగా నాయినే. ఆ ఒక్క పూట ఆమెకు అతని మీద గౌరవం కలిగింది. పక్కనే కూర్చుని చాయ్ ఊది మరీ ఇచ్చింది.

దసరా సెలవుల తర్వాత ఒక రోజు స్కూల్లో కంప్యూటర్ సారు రాలేదు. ఏడో తరగతి పిల్లలను కాసేపు ల్యాబ్‌లో కూర్చోబెట్టమని పుష్పకు చెప్పారు. పిల్లలు ప్రశ్నల ఆట తెరిచారు. బడి కొత్తగా తీసుకున్న వెబ్‌సైటు అది. ముందుగా ఎవరి బొమ్మ వాళ్లు తయారుచేసుకోవాలి. ఆ గోధుమ, బాదం రంగులు చూసి పుష్ప మొగుడి సరుకు గుర్తుపట్టి పెదవి విరిచింది. పిల్లలంతా గోధుమలే అయ్యారు. ఒక్కరూ వరస చివరిదాకా పోలేదు.

తరువాత ఆట మొదలైంది. ఎవరో ఒక పిల్లాడు తప్పు చెప్పాడు. అంతే, ఆ పిల్లాడి బొమ్మ మాయమై తెర మీద ఒక ముసలాయన ప్రత్యక్షమయ్యాడు. గొంగడి, కర్ర, ఎర్ర రుమాలు. నెత్తి గోక్కుంటూ గుడ్లు తేలేశాడు. వెనకనుంచి గొర్రె 'బ్యా' అంది.

"గొర్లోడొచ్చె! గొర్లోడొచ్చె!" అని క్లాసంతా బల్లలు చరిచింది.

పుష్ప వంగి చూసింది. చీలిన తమ్మె. వాలిన రెప్ప. పంటి సందు.

వెనక వరసలో మనస్విని అనే పిల్ల ఏ మీటా నొక్కకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎందుకు ఆడటం లేదని పుష్ప అడిగితే, "తప్పైతే గొర్లోన్ని జేస్తది మేడం. మా తాత గొర్లు గాస్తడని వీళ్లకు ఎర్కే," అంది, తల ఎత్తకుండా.

పుష్ప విజిల్ నోట్లో పెట్టుకుని ఊదింది. నాలుగు గోడల మధ్య ఆ చప్పుడుకు పిల్లలు చెవులు మూసుకున్నారు. పక్క గది నుంచి తెలుగు సారు చాక్‌పీసుతో సహా పరిగెత్తుకొచ్చాడు. "కంప్యూటర్లు బంద్. అందరు గ్రౌండుకు!" అని అరిచింది. పిల్లలకు పండగైంది. ఆమె మాత్రం గంట కొట్టేదాకా అక్కడే నిలబడి, తెర మీద గుడ్లు తేలేస్తున్న తండ్రిని చూస్తూ ఉండిపోయింది.

ఇంటికొచ్చేసరికి విజేందర్ మరమరాలు తింటూ కొత్త కళ్లద్దాలు గీస్తున్నాడు.

"మా నాయినను ఎవలికిచ్చినవ్?"

మొదట అర్థం కాలేదతనికి. అర్థమయ్యాక తేలిగ్గా ఊపిరి వదిలాడు. "గదా! ఆటల కంపెనోళ్లు ఒక ఫన్నీ ముఖం కావాలన్నరు. నా దగ్గర తయారుగ గదొక్కటే ఉండె. ఇచ్చిన."

"ఫన్నీ ముఖమా?"

"నేను గొర్రెను వెట్టలే. గొర్రె వాళ్లదే," అన్నాడు విజేందర్, అదే తన వాదంలో గట్టి పాయింటన్నట్టు. "అయినా మీ నాయిన అని ఎవలికి తెలుస్తది?"

"నాకు తెల్వదా? నీకు తెల్వదా? తుడిచి తుడిచి నెత్తి మీద జుట్టు మొలిపించుకుంటివి గద నీ బొమ్మకు. ఆయన చెవు మాత్రం అతికించ చేత కాలేదా?"

విజేందర్ మరమరాల గిన్నె కింద పెట్టాడు. లేచి పోయి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నాడు. కోపగించుకోవడానికైనా కొంత వెన్నెముక కావాలి కదా అనుకుంది పుష్ప.

మరునాడు సెలవు పెట్టి ఆమే మొగుడి ఆఫీసుకు పోయింది. విజేందర్ వెనక వెనకే వచ్చి, గదిలోకి రాకుండా నీళ్ల క్యాను దగ్గర ఆగిపోయాడు. కంపెనీ యజమాని గోపాల్, మహబూబ్‌నగర్ వైపు మనిషి, ఇస్త్రీ మడత నలగని అంగీలో ఆమెకు ఎదురొచ్చి చాయ్ తెప్పించాడు.

"గది జస్ట్ ఒక రూరల్ క్యారెక్టర్ మేడం. పిల్లలకు మస్తు నచ్చింది. మీకు ఇబ్బందైతే రుమాలు రంగు మార్పిస్త."

"చెవు?"

"చెవు గూడ."

"గొర్రె?"

"గొర్రె ఉండాలె మేడం. పంచ్ అంత ఆడ్నే ఉన్నది."

"మీ నాయిన ఏం జేస్తడు సార్?"

గోపాల్ చాయ్ గ్లాసు వైపు చూశాడు. "వ్యవసాయం... చిన్నగ."

"మరి ఆయన్ని వెట్టకపోయిన్రా? నాగలి భుజాన ఎత్తుకుని, బురదల జారి పడ్డట్టు. పంచ్ ఉంటుండె గద?"

గోపాల్ నవ్వాడు. నవ్వి, అసలు చిక్కు అనుమతి గురించే అయితే పెద్దాయనతో ఒక సంతకం చేయిస్తే సరిపోతుందన్నాడు. ఆయనకు కూడా ఏదో ఒకటి ముట్టజెప్తామన్నాడు. పుష్ప లేచింది. "మా నాయిననే అడుగుత. ఆయన ఏమంటె గది." ఆమెకు గట్టి నమ్మకం. మంద మీదికి వచ్చిన కుక్కలను అదిలించే గొంతు ఆయనది. ఈ ఇస్త్రీ అంగీకి ఆ గొంతు ఒకసారి వినిపించాలి.

కట్టంగూర్ బస్సు దిగి పల్లెకు నడిచేసరికి పరశురాములు దొడ్డి ఊడుస్తున్నాడు. ఆమె ఫోన్‌లో ఆట తెరిచి చూపించింది. ఆయన చేతులు తుడుచుకుని ఫోన్ తీసుకున్నాడు. మొదట ముఖమంతా వెలిగింది. "అరె, నేనే! చెవు మంచిగ గీసిండు."

"తప్పు జెప్పినోళ్లకు వస్తది నాయినా ఆ ముఖం."

"ఏందీ?"

"ప్రశ్న అడుగుతరు. తెల్వకుంటె, తప్పు జెప్తే, నీ ముఖమొస్తది. పిలగాండ్లు నవ్వుతరు."

ఆయన ఇంకోసారి చూశాడు. గొర్రె 'బ్యా' అంది. "మరి ఒప్పు జెప్తే ఎవలొస్తరు?"

"కోటేసుకున్నోడు."

పరశురాములు ఫోన్ ఆమె చేతికిచ్చి చీపురు తీసుకున్నాడు. కొంచెం ఊడ్చి, ఆగాడు. "నన్ను గింతసేపు నిలవెట్టి, చాయ్ తాగుకుంట గీసిండు గద బిడ్డా. గప్పుడే గిట్ల అనుకున్నడా?"

"ఏమో నాయినా. నువ్వు ఆఫీసుకు రా. వచ్చి ఒక్క మాట అడుగు చాలు."

"వద్దు. అల్లుని కొలువు పోతది. ఉండనియ్యి."

"కొలువు పోతె పోనియ్యి!"

"నీకేం ఎర్క. ఉండనియ్యి అంటున్న గద," అని కసిరాడు. కుక్కలను అదిలించే గొంతు ఆమె మీదనే లేచింది. పుష్పకు ఒళ్లు మండింది. మొగుణ్ని చూసినట్టే తండ్రిని కూడా చూసింది ఆ క్షణం. ఈయన కూడా ఇంతేనా, ఎవడేం చేసినా పడి ఉంటాడా అనుకుంది.

సాయంత్రం హోటల్‌కు చాయ్ తాగడానికి బయల్దేరుతూ పరశురాములు రుమాలు తీసి చుట్టబోయాడు. సగం చుట్టి, విప్పి, దండెం మీద వేశాడు. బోడి నెత్తితో బజారులోకి నడిచాడు. పెళ్లిలో తప్ప, దవాఖానలో తప్ప, ఆయన నెత్తి ఖాళీగా ఊరు చూసి ఎరగదు. వాకిట్లో నిలబడి చూస్తున్న పుష్పకు తండ్రి మీది కోపం ఎటుపోయిందో పోయింది. ఆ కోపం కూడా కలుపుకుని అంతా ఒక్కడి మీదికే మళ్లింది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా "ఆ ముఖం తీసెయ్," అంది. ఏముందో ఆ గొంతులో, విజేందర్ వాదించలేదు. మరుసటి రోజు ఇంకో బొమ్మ చేసి చూపించాడు. మోకుతో కల్లుగీసేటాయన, తాటిచెట్టు మీంచి జారుతున్నాడు.

"ఆయనకు బిడ్డ లేదా?"

ఇంకోటి తెచ్చాడు. పోచంపల్లి వైపు మగ్గంలో కాళ్లు చిక్కుకుని, దారాల మధ్య ఇరుక్కుపోయిన నేతగాడు.

"ఆయనకు లేదా?"

కూరగాయల గంప కింద పడేసుకున్న ముసలమ్మను తెచ్చాడు. పుష్ప చూడనైనా చూడలేదు. విజేందర్ విసిగిపోయాడు. "నవ్వొచ్చే ముఖం గావాలె పుష్పా! ఎవల్నో ఒకల్ని వెట్టాలె గద! ఎవల్ని వెట్టను?"

"అద్దం ఉన్నది గద ఇంట్ల."

అతను తెల్లబోయి చూశాడు. ఆమె గుడ్డతో తుడిచి మరీ అద్దం తెచ్చి కంప్యూటర్ పక్కన నిలబెట్టి, వంటింట్లోకి పోయింది. అన్నం వండి, కూర దింపి వచ్చేసరికి అతను గీస్తున్నాడు. ఖాళీ నెత్తి, దాని మీద అడ్డంగా పరిచిన వెంట్రుకలు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, అంగీ గుండీల మధ్య పొంగిన పొట్ట. తప్పు చెప్పగానే ఫ్యాన్ గాలికి వెంట్రుకలు లేచి నిలబడేటట్టు కూడా చేశాడు. గొర్రె లేదు. గీయడం అయ్యాక చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషి చేసిన పనుల్లో నిజమైంది అదొక్కటే అని పుష్ప అనుకుంది గానీ, బయటికి అనలేదు. మెచ్చుకుంటే మళ్లీ పాతదారి పడతాడని ఆమె భయం.

గోపాల్ ఆ బొమ్మ చూసి కుర్చీలో వెనక్కి వాలి మరీ నవ్వాడట. ఆఫీసంతా నవ్విందట. వెంటనే మార్చేశారు. మరుసటి వారం స్కూల్లో పిల్లలు "బట్టతలోడొచ్చె!" అని బల్లలు చరిచారు. కిటికీ అవతల నిలబడి విన్నది పుష్ప. కడుపు నిండుతుందనుకుంది. నిండలేదు. పిల్లలకు ఎవరైనా ఒకటే, నవ్వడానికి ఒక ముఖం ఉంటే చాలు. మనస్విని మాత్రం మీటలు టకటకా నొక్కుతోంది. రెండు తప్పులు కూడా చెప్పింది.

కానీ పని అంతటితో తీరలేదు. ఒకసారి ఇచ్చిన ముక్క తీసుకున్నవాళ్ల దగ్గరే ఉండిపోతుందని, ఇక్కడ తుడిస్తే అక్కడ తుడుచుకుపోదని విజేందర్ అప్పుడు చెప్పాడు. ఆటలవాళ్లకు ఇచ్చినప్పుడే ఆ ముఖం మిగతా ముఖాలతో కలిసి అందరికీ పోయింది. పాత సరుకు వాడుతున్న వెబ్‌సైట్లలో పరశురాములు ఇంకా ఉన్నాడు. ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదంటే, "అడగలే గద" అన్నాడు. పుష్ప అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరికే తీసెయ్యమని రాయించింది. కొందరు తీశారు. కొందరు జవాబివ్వలేదు.

సంక్రాంతి పోయాక, కంటికి పొర వచ్చిందని పరశురాములు నల్గొండ దవాఖానకు చూపించుకోవడానికి వచ్చాడు. నెత్తికి ఏమీ చుట్టుకోలేదు. గేటు దగ్గర మామ గొంతు వినగానే విజేందర్ వెనక తలుపు తీసుకుని బండి మీద ఉడాయించాడు.

"అల్లుడు యాడికి వోయిండు?" అన్నాడు పెద్దాయన, కాళ్లు కడుక్కుంటూ.

"సిగ్గు కొనుక్కరాను వోయిండు. దొరుకుతదో లేదో," అంది పుష్ప.

"గట్లనకు బిడ్డా."

ఇడ్లీ తినడం అయ్యేసరికి విజేందర్ బత్తాయిల సంచితో తిరిగొచ్చాడు. దర్వాజ దగ్గరే నిలబడ్డాడు. మామ కూర్చోమంటే కూర్చున్నాడు. ఒక బత్తాయి వలుస్తూ, గింజలు ఏరుతూ, తల దించుకునే "తప్పయింది మామా," అన్నాడు. పుష్ప పళ్లెం తీస్తూ ఆగింది.

పరశురాములు ఒక తొన అందుకుని నోట్లో వేసుకున్నాడు. "గా బొమ్మ తీసేసినవట?"

"తీసేసిన. కొన్ని జాగల ఇంక ఉన్నది. చెప్పినా తీస్తలేరు."

"యాడుంది?"

"ఒక టైర్ల దుకాణం కాడ ఉన్నది మామా."

"ఆడ ఏం జేస్తున్న నేను?"

"ఏం జేస్తలేవు. నవ్వుకుంట, టైర్లు మంచిగున్నయ్ అంటున్నవ్."

పరశురాములు ముందు నోట్లోని తొన మింగాడు. తర్వాత భుజాలు కదిలాయి. "నాకు సైకిల్ గూడ లేకపాయె గదర!" అని పకపకా నవ్వాడు. విజేందర్ కూడా బెదురు బెదురుగా నవ్వాడు. పుష్ప పళ్లెం తీసుకుని గబగబా లోపలికి వెళ్లిపోయింది. ఇంత తేలిగ్గానా వదిలిపెట్టడం? ఆ బోడి నెత్తి సంగతి వీడికి ఎవరు చెప్పాలి? చెప్పినా అందులో ఏముందంటాడు. గిన్నె చప్పుడయ్యేలా కడిగింది.

దవాఖానకు బయల్దేరి స్కూటీ తీస్తుంటే విజేందర్ వచ్చి, తానూ రానా అని అడిగాడు. వద్దంది. తండ్రిని వెనక కూర్చోబెట్టుకుంది. అతను గేటు పట్టుకుని అక్కడే ఉన్నాడు.

"గాడ చీటీల లైను పొద్దు పొద్దున్నే రోడ్డు దాక ఉంటది," అంది పుష్ప, అటు చూడకుండా. "నిలవడేదానికి ఒక మనిషి గావాలె. గదన్న జేస్తవా?"

"జేస్త," అన్నాడు విజేందర్. బండి తీసి వాళ్లకంటే ముందే పోయాడు. వాళ్లు చేరేసరికి ఎండలో, లైను మధ్యలో, వెంట్రుకలు చెమటకు అంటుకుపోయి నిలబడి ఉన్నాడు.